లెన్సు లోపల ఫంగస్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారు స్టూడియో నడిపిన రోజుల్లో వాడిన నికాన్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు బీరువాలో తోలు కేసుతో సహా దొరికింది. వెలుతురుకు ఎత్తి చూస్తే లోపలి అద్దం మీద తెల్లటి సన్నని పోగులు కనిపిస్తున్నాయి. నాలుగు రోజులు ఎండలో పెట్టమని ఒకరు, బియ్యం డబ్బాలో పెట్టమని మరొకరు చెబుతున్నారు. రిపేరు షాపులో మాత్రం పనికిరాదు, పారేయమన్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పారేయవలసిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. ముందుగా ఆ పోగులు ఏ అద్దం మీద, ఏ వైపున ఉన్నాయో తేల్చుకోండి. అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) రింగును 1.8 మీద, అంటే పూర్తిగా తెరిచి ఉంచి, చీకటి గదిలో వెనుక నుంచి సెల్‌ఫోను టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడాలి. ఫంగస్ అయితే సాధారణంగా అంచు దగ్గర మొదలై కొమ్మలు వేస్తూ లోపలికి పాకుతుంది. విడివిడి చుక్కలు దుమ్ము. అద్దమంతా పలుచగా పరుచుకున్న మసక చాలాసార్లు లోపలి గ్రీజు ఆవిరై పేరుకున్నది.

ఎండ సంగతి చెప్పాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఫంగస్ కొంతవరకు చస్తుంది గాని, చచ్చిన పోగులు అద్దం మీదే ఉండిపోతాయి. పైగా రోళ్లు పగిలే మన రోహిణి కార్తె ఎండలో లెన్సును వదిలేస్తే లోపలి గ్రీజు పలుచబడి అపర్చర్ రేకుల మీదికి కారుతుంది, సూర్యుడికి ఎదురుగా ఉన్న లెన్సు తన వెనుకనున్న గుడ్డనో కాగితాన్నో అంటించినా అంటించగలదు. బియ్యం డబ్బా ఆలోచన అసలే వద్దు. మొలగొలుకులు అన్నానికి ఎంత శ్రేష్ఠమైనవైనా, వాటి తవుడూ పిండీ లెన్సులోకి చేరితే ఫంగస్‌కు మేతే అవుతాయి.

తుడవడానికి మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అది సుమారు 6 శాతం ద్రావణం. అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపితే 3 శాతానికి వస్తుంది. లెన్సు కాగితాన్ని అందులో తడిపి, పిండి, ఫంగస్ ఉన్న చోట కొద్ది నిమిషాలు ఆనించి, మధ్య నుంచి అంచు వైపు చుట్లు చుడుతూ తేలికగా తుడవాలి. మరకలు పోవడానికి చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే సరిపోతుంది. ద్రావణాన్ని ఎప్పుడూ నేరుగా అద్దం మీద పోయకూడదు, అది అంచుల్లోకి దిగుతుంది. అసిటోన్ జోలికి వెళ్లవద్దు. అద్దాల అంచులకు పూసిన నల్లరంగును, ప్లాస్టిక్ భాగాలను అది పాడుచేస్తుంది.

పోగులు లోపలి అద్దం మీద ఉన్నాయి కాబట్టి తుడవాలంటే మీ లెన్సు విప్పక తప్పదు. ముందున్న పేరు రింగును రబ్బరు బిరడాతో అదిమి తిప్పాలి, అద్దాన్ని పట్టి ఉంచే రింగుకు రెండు మొనల లెన్సు స్పానర్ కావాలి. స్క్రూడ్రైవర్ మొనతో ప్రయత్నిస్తే అది జారి అద్దం మీది పలుచని పూత (కోటింగు) మీద గీత పడుతుంది, ఆ గీత ముందు ఫంగసే నయమనిపిస్తుంది. జపాన్ లెన్సుల స్క్రూలకు జె.ఐ.ఎస్. (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) మొన ఉన్న స్క్రూడ్రైవరే పట్టుగా కూర్చుంటుంది; మామూలు ఫిలిప్స్ మొనతో తల అరిగిపోతుంది. తీసిన ప్రతి అద్దం ఏ ముఖం ఎటు ఉందో సెల్‌ఫోనుతో ఫొటో తీసుకుంటూ వెళ్లండి. ఇలాంటి లెన్సుల్లో జిగురుతో అతికించిన అద్దాల జంట కూడా ఉంటుంది. ఫంగస్ ఆ జిగురు పొరలోకి చేరి ఉంటే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు.

ఫంగస్ పెరుగుతూ విడుదల చేసే ఆమ్లాలు మొదట కోటింగును, ఆపైన గాజును తింటాయి. తుడిచాక కూడా పోగుల అచ్చు మిగిలి ఉంటే దాన్ని ఏ మందూ చెరపలేదు. అయినా ముందు అద్దం మీది చిన్న మచ్చ ఫొటోలో దాదాపు కనిపించదు. ఎదురు వెలుతురులో కొంత తెల్లదనం వస్తుంది, అంతే. వెనుక అద్దం మీద అయితే తేడా ఎక్కువ. కాబట్టి విప్పే ముందు సూర్యుడికి కాస్త పక్కగా నాలుగు ఫొటోలు తీసి చూడండి. తేడా లేకపోతే, మచ్చ పెరగడం లేదని గమనిస్తూ అలాగే వాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: ఫంగస్ పట్టిన లెన్సుతో ఒకే సంచిలో ఉంచితే మంచి లెన్సులకు కూడా అంటుతుందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఫంగస్ బీజాలు గాలిలో ఎక్కడైనా ఉంటాయి, మీ మంచి లెన్సుల మీద ఇప్పటికే ఉండి ఉంటాయి. అవి మొలకెత్తడానికి తేమ, చీకటి, కాస్త వేలిముద్రల జిడ్డు చాలు. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులు ఉంటే ప్రమాదం మొదలవుతుంది. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వర్షాలు, తుపాన్లు, పైగా సముద్రపు గాలి ఉంటాయి కనుక దసరాకు ముందే జాగ్రత్త పడాలి. తోలు కేసులు తేమను పట్టి ఉంచుతాయి. వాటిని వేరుగా పెట్టి, లెన్సులను బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటరు కూడా వేసి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. మరీ 30 శాతం కంటే దిగువకు పోనివ్వకండి, లోపలి గ్రీజు ఎండిపోతుంది. సిలికా జెల్ నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల వద్ద మళ్లీ నీలం తిరిగేదాకా వేడి చేసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయండి.