ఎర్ర క్యాబేజీ వండితే నీలంగా మారుతోంది... విత్తనం మంచిదేనా?

ప్రశ్న: పెరటి తోటలో ఈసారి రంగురంగుల చలికాలపు కూరగాయలు వేశాను. ఎండలు తగ్గకముందే విత్తిన క్యారెట్ పాలిపోయి వచ్చింది. బీట్‌రూట్ కోస్తే లోపల తెల్లటి వలయాలు ఉన్నాయి. ఊదారంగు కాలీఫ్లవర్‌కు తెల్ల రకానికి కట్టినట్టే ఆకులు కప్పి కట్టాను, రంగే పట్టలేదు. ఎర్ర క్యాబేజీ ఒక్కటే చక్కగా వచ్చింది. తీరా వండితే నీలంగా మారింది. పిల్లలు ముట్టుకోవడం లేదు. నాకు కల్తీ విత్తనం ఇచ్చారా? ఆ కూర తినవచ్చా? - ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు కూర సంగతి చెబుతాను. అది నిశ్చింతగా తినవచ్చు. ఎర్ర క్యాబేజీకి ఆ రంగు ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. పులుపు తగిలితే అది ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలంగా, ఇంకా ఎక్కువైతే ఆకుపచ్చగా మారుతుంది. మీరు వాడే నీటిలో క్షార గుణం ఎక్కువగా ఉండవచ్చు, లేదా త్వరగా ఉడకాలని వంట సోడా వేసి ఉండవచ్చు. తరిగిన వెంటనే కొద్దిగా నిమ్మరసం గానీ వెనిగర్ గానీ కలిపి, నీళ్లు పోయకుండా నూనెలో సన్న మంటపై మగ్గించండి. రంగు నిలుస్తుంది. నీలంగా మారిన కూరలో నిమ్మకాయ పిండినా చాలావరకు తిరిగి ఎర్రబడుతుంది. ఇది పిల్లల ముందే చేయండి. భయం పోయి వాళ్లే గిన్నె దగ్గరకు వస్తారు.

అయితే ఇదే సూత్రం బఠాణీకీ పాలకూరకూ పనికిరాదు. పులుపు ఎరుపుకు మేలు, పచ్చదనానికి కీడు. పులుపులో ఎక్కువసేపు ఉడికితే ఆకుపచ్చ రంగు విరిగిపోయి ముదురు గోధుమ ఛాయకు దిగుతుంది. వాటిని మూత పెట్టకుండా కొద్దిసేపే ఉడికించి, పులుపు దించే ముందు కలపండి. సోడా వేస్తే పచ్చగా కనిపించే మాట నిజమే కానీ, కూర మెత్తబడి ముద్దవుతుంది, విటమిన్ సి, బి1 నష్టపోతాయి. ఆ పద్ధతిని నేను ఎవరికీ చెప్పను.

ఇక తోట విషయం. ఇక్కడ విత్తనాన్ని తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించడం లేదు. క్యారెట్ దుంపకు మంచి రంగు రావాలంటే సుమారు 15 నుంచి 20 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. దుంప ముందు పొడవుగా దిగి, ఆ తర్వాతే లావెక్కుతూ రంగు పట్టుకుంటుంది. మీ పంటకు ఆ దశ వేడిలోనే గడిచిపోయింది. తొందరపడి లేతగా తవ్వినా, మడిలో ఎప్పుడూ నీరు నిలిచినా, నత్రజని ఎక్కువ వేసినా దుంప వెలవెలబోతుంది. బీట్‌రూట్‌లో వలయాలు కూడా ఎక్కువగా వేడి వల్లే వస్తాయి. కొన్ని రకాలకు అవి పుట్టుకతోనే ఉంటాయి కాబట్టి ప్యాకెట్ మీద బొమ్మ ఒకసారి చూడండి. వలయాలు కాకుండా దుంప లోపల గట్టిపడిన నల్ల మచ్చలు ఉంటే మాత్రం అది బోరాన్ లోపం. అప్పుడు కూడా మట్టి పరీక్ష చేయించకుండా బోరాక్స్ వేయవద్దు. బోరాన్ కొంచెం ఎక్కువైనా మొక్కలకు హాని చేస్తుంది.

విత్తనాన్ని ఎప్పుడు అనుమానించాలో కూడా చెబుతాను. ఒకే మడిలో, ఒకే రోజు విత్తిన మొక్కల్లో కొన్ని దుంపలు ముదురు నారింజ రంగులోనూ పక్కనే కొన్ని పూర్తి తెల్లగానూ వస్తే వేరే రకం కలిసిందని అనుకోవాలి. మీరు రాసినట్టు మడి అంతా ఒకేలా పాలిపోతే అది వాతావరణం పని.

కాలీఫ్లవర్‌కు ఆకులు కప్పడం తెల్ల పువ్వు పసుపెక్కకుండా చేసే పని. ఊదా రకానికి ఎండ తగిలితేనే రంగు వస్తుంది, దాన్ని విప్పి ఉంచండి. వండేటప్పుడు నీళ్లలో ఉడికిస్తే ఆ రంగంతా నీటిలోకి దిగిపోతుంది, ఆవిరిపై ఉడికిస్తే చాలావరకు మిగులుతుంది. రంగు పోకుండా వండుకోవాలని మీకు పట్టుదల ఉంటే నారింజ రకం వేసి చూడండి. 1970లో కెనడాలోని ఒక పొలంలో సహజంగా పుట్టిన మొక్క నుంచి వచ్చిందది. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటినే అందులోనూ ఉంటుంది. అది నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఈ రెండింటినీ కాస్త నూనె వేసి వండితే ఒంటికి బాగా పడుతుంది.

బీట్‌రూట్‌ను తోలు తీసి, ముక్కలు కోసి ఉడికిస్తే సగం రంగు నీళ్లపాలవుతుంది. రెండు అంగుళాల కాడ, తోక ఉంచి దుంపను అలాగే ఉడికించండి. చల్లారాక తోలు చేత్తో జారిపోతుంది. తిన్న మరునాడు కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడనక్కర్లేదు.

మీకు ఇంకా రెండు నెలలైనా చలి మిగిలి ఉంటే బీట్‌రూట్‌ మరోసారి విత్తండి. మనం విత్తనం అనుకునే ఒక్కో గింజ నిజానికి కొన్ని విత్తనాల గుత్తి. అందుకే ఒకే చోట మూడు నాలుగు మొలకలు వస్తాయి. మొక్కకూ మొక్కకూ 8 నుంచి 10 సెంటీమీటర్లు ఎడం ఉండేలా మిగతావి తీసేయండి. పీకేసిన మొక్కలను పారేయకండి, ఆ ఎర్ర కాడల లేత ఆకు పాలకూరలాగే వండుకోవచ్చు.