లెక్కల ట్యూటర్‌ని పెట్టే ముందు పాప జవాబు పేపర్ చూడండి

ప్రశ్న: మేం హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. పాపకు పన్నెండేళ్లు. ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి, స్టేట్ సిలబస్, ఇంగ్లీషు మీడియం. ఐదో తరగతి దాకా బాగానే చదివేది. మొన్న ఎఫ్‌ఏ-1 (స్కూల్లో ఏడాదిలో పెట్టే మొదటి చిన్న పరీక్ష) లెక్కల్లో 20కి 7 వచ్చాయి. మిగతా సబ్జెక్టులు ఫర్వాలేదు. నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. ఇంటికొచ్చి అన్ని సబ్జెక్టులూ చెప్పే ట్యూటర్‌ని పెడదామంటే మావారు ‘అంత ఫీజు స్కూలుకు కడుతూ మళ్లీ ట్యూషనా, దండగ’ అంటున్నారు. అత్తగారు మా తోటికోడలి కూతురితో పోల్చి పాపను దెప్పుతుంటారు. ఇప్పుడు లెక్కల పుస్తకం తీస్తేనే పాప ఏడుస్తోంది. ట్యూటర్‌ని పెట్టాలా? పెడితే ఎలాంటివాళ్లను పెట్టాలి? ఆడపిల్ల కాబట్టి ఆ భయం కూడా ఉంది.

జవాబు: ట్యూటర్ అవసరం పడొచ్చు. కానీ అన్ని సబ్జెక్టులకూ అక్కర్లేదు. లెక్కలకైనా రేపే మాట్లాడేయకండి, ఒక వారం ఆగండి. పాపకు ఎక్కడ తెగిందో తెలియకుండా పెట్టే ట్యూటర్ రోజూ హోంవర్కు చేయించి వెళ్తారు. నోట్సు నిండుతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. మీవారు ‘దండగ’ అంటున్నది ఇలాంటి ట్యూషన్‌ గురించే అయితే ఆయన మాటలో న్యాయం ఉంది.

ముందుగా ఎఫ్‌ఏ-1 జవాబు పేపర్ స్కూలు నుంచి తెప్పించి, పాప తిట్టు పడుతుందేమోనని భయపడని సమయంలో పక్కన కూర్చుని చూడండి. మార్కులు లెక్కపెట్టకుండా తప్పుల్ని వేరు చేయండి. అసలు విషయం తెలియక చేసినవి కొన్ని ఉంటాయి. తెలిసీ కూడికలో జారినవి కొన్ని. ప్రశ్న అర్థం కాకపోవడం, టైము చాలక వదిలేయడం కూడా ఉంటాయి. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. టైము చాలని పిల్లకు ట్యూటర్ కన్నా ఎక్కాలు నోటికి రావడం, వాచీ పెట్టుకుని పది నిమిషాలు సాధన చేయడం ఎక్కువ పనిచేస్తాయి.

తెలంగాణ ఏడో తరగతి లెక్కల పుస్తకం పూర్ణ సంఖ్యలతో మొదలై భిన్నాలు, దశాంశాలకు వెళ్తుంది, ఆ తర్వాత సమీకరణాలు వస్తాయి. అందుకే కింది తరగతుల్లో భిన్నాలు బట్టీ పట్టి నెట్టుకొచ్చిన పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. పేపర్లో రెండు తప్పుల కోసం ప్రత్యేకంగా వెతకండి. ఒకటి, 3/4 + 2/5 = 5/9 అని పైవి పైకి, కిందివి కిందికి కలిపేయడం. రెండోది, −3 − 5 కి +8 అని రాయడం. ‘మైనస్, మైనస్ ప్లస్’ అన్న మాట గుర్తుంది గానీ అది గుణకారానికి చెప్పిన మాట అని గుర్తులేదన్నమాట. ఇవి కనిపిస్తే లోటు ఏడో తరగతిది కాదు, కింది తరగతులది. ఏడో తరగతి పాఠం ఎన్నిసార్లు చెప్పించినా అది పూడదు.

తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఐదో తరగతి పుస్తకంలోంచి పది భిన్నాల లెక్కలు ఇవ్వండి, టైము పెట్టకండి. ఏడు, ఎనిమిది కంటే తక్కువ వస్తే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మరో రోజు ఒక మాటల లెక్కను ఇంగ్లీషులో చదివించి, చేయలేకపోతే అదే లెక్కను తెలుగులో చెప్పి చూడండి: ‘ఆరు మీటర్ల గుడ్డ ఉంది. ఒక్కో జాకెట్టుకు ముప్పావు మీటరు కావాలి. ఎన్ని జాకెట్లు వస్తాయి?’ తెలుగులో చెప్పగానే ఎనిమిది అనేస్తే పాపకు లెక్క వచ్చు, ప్రశ్నలోని ఇంగ్లీషు అడ్డుపడుతోంది. మన దగ్గర ఇంగ్లీషు మీడియం పిల్లల్లో ఇది చాలా ఎక్కువ, తల్లిదండ్రులు గమనించేది చాలా తక్కువ. అలాంటప్పుడు తెలుగులో విడమరచి చెప్పి, మళ్లీ ఇంగ్లీషు వాక్యానికి తీసుకురాగల మనిషి కావాలి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న ప్రభుత్వ పాఠ్యపుస్తకం దగ్గరుంటే ఈ పని తేలికవుతుంది.

కంటి పరీక్ష కూడా ఈ వారంలోనే చేయించండి. బోర్డు మీద 6ను 8గా చూసి రాసుకునే పిల్లకు ట్యూషన్ ఏం చేస్తుంది? అలాగే చదవడంలోనూ, అక్షరాలు, అంకెలు రాయడంలోనూ చిన్నప్పటి నుంచీ తడబాటు ఉంటే పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో కూడా వాకబు చేయొచ్చు. మీ పాప ఐదో తరగతి దాకా బాగా చదివిందంటున్నారు కాబట్టి అలాంటి సమస్య ఉండే అవకాశం తక్కువ. ఒక సబ్జెక్టే దెబ్బతింది కనుక భిన్నాల లోటే ఎక్కువగా కనిపిస్తోంది.

ఇక ట్యూటర్. ఆ స్కూల్లో చెప్పే సారునో మేడమ్‌నో ఇంటికి పిలవాలన్న ఆలోచన ముందుగా వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. పైగా మార్కులు వేసే చేతికే ట్యూషన్ ఫీజు ఇస్తే పాపకు నిజంగా ఎంత వచ్చిందో మీకు తెలియదు. రిటైరైన లెక్కల టీచర్లు, బీఈడీ చదువుతున్నవాళ్లు, ఇంటి దగ్గరుంటున్న మ్యాథ్స్ పట్టభద్రులైన గృహిణులు, వీళ్లలో చూడండి. డిగ్రీ ఎంత పెద్దదన్నది ఏడో తరగతికి అంత ముఖ్యం కాదు. ఐఐటీ కోచింగ్ చెప్పే మనిషికి ఐదో తరగతి భిన్నం దగ్గర ఓపికగా కూర్చోవడం కష్టం కావచ్చు. ఏజెన్సీ ద్వారా వెళ్తే కమిషన్ ఎంత, మొదటి నెల మధ్యలో మానేస్తే మరొకరిని పంపుతారా అని ముందే అడగండి.

డెమో క్లాసు లేకుండా ఒప్పుకోకండి. డెమోలో పాప రాసిన 3/4 + 2/5 = 5/9 లెక్కనే చూపించి ఏం చేస్తారో గమనించండి. ‘తప్పు, కసాగు తీసుకో’ అని తానే చేసి చూపిస్తే ఆయన జవాబు చెప్పినట్టే గానీ పాపకు నేర్పినట్టు కాదు. ‘ఇది ఎలా చేశావమ్మా?’ అని అడిగి, ‘5/9 సగం కంటే కాస్త ఎక్కువ. ముప్పావుకు ఇంకొంత కలిపితే ముప్పావు కంటే తగ్గుతుందా?’ అని పాప చేతే తప్పు పట్టించేవాళ్లు మీకు కావాలి. పెన్సిల్ ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉందో చూడండి. గంటలో సగానికి పైగా పాప చేతిలో లేకపోతే మరొకరిని వెతకండి. క్లాసయ్యాక ‘సార్ ఎలా ఉన్నారు?’ అని అడిగితే పాప బాగున్నారనే అంటుంది. దానికి బదులు ‘మళ్లీ అడగడానికి మొహమాటం అనిపించిందా?’ అని అడగండి.

వారానికి మూడు రోజులు, రోజుకు గంట చాలు. మధ్య రోజు పాప సొంతంగా ఐదారు లెక్కలు చేసుకోవాలి. అదే అసలు చదువు. స్కూలు వ్యాను దిగగానే కూర్చోబెట్టకండి. తిని, గంటసేపు ఆడుకున్నాక ఆరున్నర నుంచి ఏడున్నర అయితే చివరి అరగంట మీరూ ఇంట్లో ఉంటారు. ఫీజు ఏరియాను బట్టి మారుతుంది కాబట్టి నెలకు ఎంత అన్నది చూడకుండా గంటకు ఎంత పడుతుందో లెక్కేయండి. వారానికి ఐదు రోజులకు 6,000 అంటే సుమారు 22 గంటలు, గంటకు సుమారు 275 పడుతుంది. మూడు రోజులకు 4,500 అంటే 13 గంటలు, గంటకు 345 దాటుతుంది. రెండోది గంట లెక్కన ఖరీదే, అయినా మీ పాపకు రెండోదే నయం. సెలవులు, నాగాలు, మధ్యలో మానేయడం గురించి ఒక వాట్సాప్ మెసేజ్‌లో రాసి ఇద్దరూ ఒప్పుకోండి. మూడు నెలల ఫీజు ఒకేసారి ఇవ్వకండి.

మీ భయం సహేతుకమైనదే. దాన్ని మొహమాటం కింద తొక్కేయొద్దు. క్లాసు హాల్లోనే జరగాలి, గది తలుపు మూసే ప్రసక్తే ఉండకూడదు. అత్తగారో మీరో ఇంట్లో లేని రోజు క్లాసు లేనట్టే, అది ముందే చెప్పేయండి. ఆధార్ కాపీ తీసుకోండి. అంతకుముందు చెప్పిన ఇద్దరు పిల్లల ఇళ్లకు మీరే ఫోన్ చేసి, ఎందుకు మానేశారో అడగండి. మెసేజ్‌లన్నీ మీ ఫోన్‌కే రావాలి, పాపతో విడిగా చాటింగ్ ఉండకూడదు. కొట్టడం, గిల్లడం, బహుమతులివ్వడం వద్దని మొదటి రోజే చెప్పండి. మేడమ్ వచ్చినా ఈ నియమాలే. పాపకు కూడా ‘ఏదైనా ఇబ్బందిగా అనిపిస్తే క్లాసు మధ్యలోనే లేచి వచ్చేయొచ్చు, నేనేమీ అనను’ అని స్పష్టంగా చెప్పండి, పిల్లల సహాయానికి ఉన్న 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు తెలియజేయండి.

ఇంట్లోవాళ్ల సంగతి. మీవారితో మార్కుల గురించి వాదించకుండా ఆ జవాబు పేపర్, ఐదో తరగతి పరీక్ష పక్కపక్కన పెట్టి చూపించండి. ‘పన్నెండు వారాలు, లెక్కలొక్కటే, ఇంత ఖర్చు, తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోవడం తేలిక. ఆయనకు ఒక పని అప్పజెప్పండి: ట్యూటర్ తేదీ, పాఠం, పాప ఎక్కడ తప్పింది అని రోజూ మూడు మాటలు రాసే నోటుబుక్కును ప్రతి ఆదివారం పావుగంట చూడటం. అత్తగారితో మీకన్నా ఆయన మాట్లాడటమే మంచిది. ‘అమ్మా, ఇంకో పిల్ల పేరెత్తితే ఈ పిల్ల పుస్తకం మూసేస్తోంది’ అని కొడుకు చెబితే ఆవిడకు కోపం రాకుండా అర్థమవుతుంది. క్లాసు జరిగేటప్పుడు హాల్లో ఉండేది ఆవిడే కాబట్టి మీ ప్రయత్నంలో ఆవిడా భాగస్థురాలేనని చెప్పండి. పాపతో మాత్రం ‘నీకు రావట్లేదని ట్యూటర్’ అనకండి. భిన్నాలు ఐదో తరగతిలో సరిగా కుదరలేదు, అవి కుదుర్చుకుందాం అనండి. డెమోకొచ్చిన ఇద్దరిలో ఎవరు కావాలో ఎంచుకోనివ్వండి.

నాలుగు వారాలయ్యాక మొదట పెట్టిన పది భిన్నాల లెక్కల్లాంటివే అంకెలు మార్చి ఇవ్వండి. తొమ్మిది సరిగా వచ్చి, పాప పుస్తకం తీయడానికి మొరాయించడం తగ్గితే సరైన దారిలో ఉన్నట్టు. స్కూలు మార్కులు ఇంత త్వరగా పెరగవు, వాటి కోసం ట్యూటర్‌ని తొందరపెట్టకండి. తొందరపెడితే భిన్నాలు వదిలేసి స్కూలు హోంవర్కు చేయించడం మొదలెడతారు. నాలుగు వారాలకూ నోటుబుక్కులో ‘హోంవర్కు చేయించాను’ అనే ఉంటే, ఆ నెల ఫీజు ఇచ్చేసి మర్యాదగా మాన్పించండి. అంతా బాగుంటే పన్నెండో వారం తర్వాత మూడు రోజుల్ని రెండు చేయండి, ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సరం పరీక్ష) అయ్యాక ఒకటి. ‘ఈ సంవత్సరమంతా ఉండనీ’ అని పాపే అడిగితే వెంటనే సరే అనకండి. ట్యూటర్ పక్కన లేకుండా వారం రోజులు లెక్కలు చేయనిచ్చి, అప్పుడు నిర్ణయించండి.