టెట్ శిశు వికాసంలో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ప్రశ్న: డీఎడ్ పూర్తి చేశాను. టెట్ పేపర్-1 రెండుసార్లు రాసి అర్హత సాధించాను. కానీ శిశు వికాసం, పెడగాజీ (బోధనాశాస్త్రం)లో 30కి 16, 17 దగ్గరే ఆగిపోతున్నాను. పిల్లల ఎదుగుదలపై పియాజే (ఆలోచన), ఎరిక్‌సన్ (మనో సాంఘిక), కోల్‌బర్గ్ (నైతిక) చెప్పిన దశలన్నీ కంఠతా వచ్చు. అయినా పరీక్ష హాల్లో తికమకపడుతున్నాను. డీఎస్సీ వెయిటేజీ కోసం మళ్లీ రాయాలనుకుంటున్నాను. ఎలా చదవాలి?
– ఒక అభ్యర్థి, నల్గొండ

జవాబు: మళ్లీ రాయాలన్న ఆలోచన మంచిదే. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. 150 మార్కులను 20కి కుదిస్తారు కాబట్టి టెట్‌లో పది మార్కులు పెరిగితే డీఎస్సీ లెక్కలో 1.33 మార్కులు కలుస్తాయి. అర మార్కు తేడాతో పోస్టు చేజారే పోటీలో అది చాలా విలువైనది.

దశలన్నీ కంఠతా వచ్చన్నారు. మీ చిక్కు అక్కడే మొదలవుతోంది. చాలామంది ఒకరోజు పియాజే, మరో రోజు ఎరిక్‌సన్, ఇంకో రోజు కోల్‌బర్గ్ అంటూ సిద్ధాంతకర్త వారీగా చదువుతారు. ప్రశ్నపత్రంలో మాత్రం సిద్ధాంతకర్త బదులు ఒక పిల్లో పిల్లాడో కనిపిస్తారు. ఉదాహరణకు ఇలాంటి సన్నివేశం తీసుకోండి: మూడో తరగతి చదివే లత తోటి ఆడపిల్లలతో జట్టు కట్టి తిరుగుతుంది. చింతగింజలు ఇస్తే తీసివేతలు చేస్తుంది, నోటిలెక్క అడిగితే తడబడుతుంది. రెండుసార్లు తప్పు వస్తే ‘నాకు చేతకాదు’ అని పలక పక్కన పెట్టేస్తుంది. ఇందులో జట్టు కట్టడం ఉత్తర బాల్యదశ లక్షణం, దాన్నే ముఠా దశ అంటారు. గింజలతో లెక్క చేయడం పియాజే మూర్త ప్రచాలక దశ, అంటే కళ్లముందున్న వస్తువుల ఆధారంగా తర్కించే దశ. చేతకాదనడం ఎరిక్‌సన్ చెప్పిన శ్రమశీలత–న్యూనత సంఘర్షణ. ఈ మూడింటినీ విడివిడిగా చదివిన అభ్యర్థి ఏ పట్టిక గుర్తుచేసుకోవాలో తేల్చుకునేలోపే నిమిషం అయిపోతుంది. 150 ప్రశ్నలకు 150 నిమిషాలే కదా.

అందుకే మీ నోట్సును వయసుల వారీగా తిరగరాయండి. పెద్ద చార్టు మీద ఎడమవైపు నిలువుగా గర్భస్థ దశ, పుట్టుక నుంచి 2 ఏళ్లు, 2–6, 6–12, 12–19, ఆపైన వయోజన, మధ్యవయసు, వృద్ధాప్య దశలు రాయండి. పైన అడ్డంగా శారీరక–చాలక, సంజ్ఞానాత్మక, భాష, ఉద్వేగ, సాంఘిక, నైతిక వికాసాలు. ప్రతి గడిలో ముందు ఆ వయసు పిల్లలు చేసే పని ఒకటి రాసి, సిద్ధాంతకర్త పేరు దాని కింద రాయండి. సిద్ధాంతాల వయసులు ఒకదానితో ఒకటి అతకవు. పియాజే మూర్త ప్రచాలక దశ 7–11, ఎరిక్‌సన్ శ్రమశీలత 6–12, కోల్‌బర్గ్ పూర్వ సాంప్రదాయ స్థాయి మన పుస్తకాల్లో 4–10. ఆరేళ్ల పిల్లాడు ఎరిక్‌సన్ లెక్కలో బడి వయసుకు వచ్చేసినా, పియాజే లెక్కలో ఇంకా మూర్త ప్రచాలకానికి ముందుండే పూర్వ ప్రచాలక దశలోనే ఉంటాడు. ఈ సరిహద్దు వయసులను ఎర్ర సిరాతో రాసుకోండి. తికమకపెట్టే ప్రశ్నలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. పేపర్-1 ప్రధానంగా 6–11 ఏళ్ల పిల్లల గురించి కాబట్టి 2–6, 6–12 వరుసలకు సగానికి పైగా సమయం ఇవ్వండి.

పియాజే విషయంలో పుస్తకం ఒక్కటే చాలదు. ఇంట్లోనో వీధిలోనో అయిదేళ్ల పాపను, ఎనిమిదేళ్ల బాబును విడివిడిగా కూర్చోబెట్టి ఈ ప్రయోగం చేసి చూడండి. ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, సమానమేనని పాపతోనే చెప్పించండి. తర్వాత ఒక గ్లాసులోని నీళ్లను ఆమె చూస్తుండగానే పొడవాటి సన్నని గ్లాసులోకి వంచండి. ‘ఇప్పుడు దేంట్లో ఎక్కువ ఉన్నాయి, లేక రెండింట్లో సమానమా?’ అని అడగండి. ‘ఇందులో ఎక్కువయ్యాయి కదా’ అని మాత్రం అడగొద్దు, జవాబు మీరే అందించినట్టవుతుంది. ఏం చెప్పినా ‘ఎందుకు?’ అని అడగండి, ఎందుకంటే పరీక్షకు కావాల్సింది ఆ కారణమే. ‘నీళ్లు పైదాకా వచ్చాయి’ అని పాప అంటే ఎత్తును మాత్రమే చూసి వెడల్పును వదిలేసింది, అది ఏకమితి. ‘మళ్లీ పాత గ్లాసులో పోస్తే అంతే ఉంటాయి’ అని బాబు అంటే అది విపర్యాత్మక ఆలోచన. నీటి పరిమాణం మారలేదని గ్రహించడం పదిలపరచుకునే భావన. ఈ మూడు పదాలకూ నిర్వచనాలు బట్టీపట్టినవాళ్లు కూడా ఆప్షన్లలో పక్కపక్కనే కనిపిస్తే తడబడతారు. పిల్లల నోట విన్నవాళ్లకు ఆ ఇబ్బంది ఉండదు. ఇంకో సంగతి: ఈ భావన అన్నిటిలో ఒకేసారి రాదు. సంఖ్య విషయంలో ఆరేడేళ్లకు, ద్రవ్యరాశిలో ఏడెనిమిదేళ్లకు, బరువులో తొమ్మిది పదేళ్లకు, ఘనపరిమాణంలో పదకొండు పన్నెండేళ్లకు వస్తుంది.

కోల్‌బర్గ్ ప్రశ్నల్లో మార్కులు పోవడానికి కారణం వేరు. పిల్లాడు తీసుకున్న నిర్ణయాన్ని బట్టి స్థాయి చెప్పేస్తుంటారు. కోల్‌బర్గ్ చూసింది నిర్ణయాన్ని సమర్థించే తర్కాన్ని. కాపీ కొట్టకూడదని ముగ్గురు పిల్లలు అన్నారనుకోండి. ‘సార్ కొడతారు’ అన్నవాడిది మొదటి దశ, ‘నన్ను మంచి అబ్బాయి అనుకోవాలి’ అన్నవాడిది మూడో దశ, ‘అది పరీక్ష నియమం, అందరూ పాటించాలి’ అన్నవాడిది నాలుగో దశ. ముగ్గురి నిర్ణయం ఒక్కటే, దశలు మాత్రం వేరు. ‘ఎందుకంటే’ తర్వాత ఏముందో చూసి జవాబు గుర్తించండి.

వికాస నియమాల్లో రెండు జతలు దాదాపు అందరినీ ఇబ్బంది పెడతాయి. బిడ్డ మూడో నెలలో మెడ నిలిపి, ఏడెనిమిది నెలలకు ఆసరా లేకుండా కూర్చుని, ఏడాది అటూఇటూగా అడుగులు వేయడం శిరోపాదాభిముఖ వికాసం, అంటే తల నుంచి పాదాల వైపు. భుజం మీద, ఆ తర్వాత మోచేతి మీద, మణికట్టు మీద, చివరికి వేళ్ల మీద పట్టు రావడం సమీప దూరస్థ వికాసం. అయిదారు నెలల బిడ్డ అరచేత్తో గుప్పిట పట్టిన వస్తువునే తొమ్మిది పది నెలలకు బొటనవేలు, చూపుడువేలితో తీయడాన్ని సాధారణం నుంచి నిర్దిష్టానికి ఉదాహరణగా ఇస్తారు. ప్రశ్న రెండు శరీర భాగాల క్రమం గురించి అడిగితే అది దిశా నియమం. ఒకే చర్య మొరటుగా ఉండి నాజూకుగా మారడం గురించి అడిగితే సాధారణం నుంచి నిర్దిష్టానికి. రెండో జత వృద్ధి, వికాసం. ఎత్తు, బరువు లాంటివి కొలవగలం, అవి ఒక వయసుకు ఆగుతాయి, అది వృద్ధి. వికాసంలో గుణాత్మక మార్పులు కూడా ఉంటాయి, అది జీవితాంతం సాగుతుంది. వృద్ధి వికాసంలో ఒక భాగమేనన్న వాక్యం తప్పొప్పుల ప్రశ్నల్లో వస్తుంది, అది ఒప్పు.

సంఖ్యలు కొన్ని తప్పకుండా గుర్తుండాలి. పుట్టినప్పుడు ఎత్తు సుమారు 50 సెం.మీ. పుట్టినప్పటి బరువు అయిదో నెలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు, రెండేళ్లకు నాలుగింతలు అవుతుంది. పాలపళ్లు 20, ఆరో నెల ప్రాంతంలో మొదలై రెండున్నర మూడేళ్లకు పూర్తవుతాయి. శాశ్వత దంతాలు ఆరేళ్లకు మొదలు. మెదడు ఆరేళ్లకు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో దాదాపు 90 శాతానికి చేరుతుంది. బడి వయసులో ఏటా 5–6 సెం.మీ. ఎత్తు పెరుగుతారు. యౌవనారంభంలో ఈ వేగం హఠాత్తుగా హెచ్చుతుంది, అదీ ఆడపిల్లల్లో మగపిల్లలకన్నా సుమారు రెండేళ్లు ముందు. ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు పొడవుగా కనిపించేది అందుకే. ఇవన్నీ సగటులు. వికాస క్రమం అందరిలో ఒకటే, వేగంలో మాత్రం తేడా ఉంటుందన్న నియమాన్ని వీటితో కలిపి చదవండి.

కౌమారాన్ని స్టాన్లీ హాల్ ఒత్తిడి, సంచలనాల దశగా వర్ణించారు. పేపర్-2 కూడా రాస్తే దీన్ని లోతుగా చదవాలి, మీకు ముఖ్య లక్షణాలు చాలు. ఆ తర్వాతి జీవితానికి ఒక సాయంత్రం కేటాయించండి. ఎరిక్‌సన్ ఎనిమిది దశల్లో చివరి మూడు ఇక్కడే ఉన్నాయి: యువ వయోజనుల్లో సన్నిహితత్వం–ఏకాంతం, నడివయసులో ఉత్పాదకత–స్తబ్ధత, అరవై దాటాక చిత్తసమగ్రత–నిరాశ. నలభైల్లో చత్వారం వస్తుంది, కొత్త సమస్యలను చకచకా విడదీసే ప్రజ్ఞ నెమ్మదిస్తుంది, కానీ పదసంపద, అనుభవంతో వచ్చిన పరిజ్ఞానం చాలాకాలం నిలుస్తాయి. వికాసం జీవితాంతం సాగుతుందనడానికి ఇవి మంచి ఉదాహరణలు.

రోజుకు గంటన్నర చొప్పున ఇస్తే చార్టుకు రెండు వారాలు పడుతుంది. ఆధారంగా మీ డీఎడ్ మొదటి ఏడాది పాఠ్యపుస్తకం, తెలుగు అకాడమీ పుస్తకం చాలు. మూడో వారం నుంచి పాత ప్రశ్నపత్రాలు రోజుకు ఒకటి చేయండి. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: వయసు తప్పిందా, పదం తప్పిందా, సన్నివేశం అర్థం కాలేదా? వయసో పదమో తప్పుతుంటే చార్టుకు వెళ్లండి. సన్నివేశం అర్థం కాకపోతే పిల్లల దగ్గరికి వెళ్లండి, అంగన్‌వాడీలోనో పక్కింట్లోనో గంటసేపు గమనించండి. నాలుగైదు పేపర్లు చేసేసరికి తప్పులు వికాసం భాగంలో తగ్గి అభ్యసనం, పెడగాజీలో మిగిలాయని తేలితే చార్టు పక్కనపెట్టి థార్న్‌డైక్, పావ్‌లోవ్, స్కిన్నర్ ప్రయోగాలకు మారిపోండి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలొద్దు. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడితే ప్రశ్నలోని పిల్లల వయసును మరోసారి చదివి గుర్తించండి.