నాన్న గురించి రాయబోతున్న నీకు

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

నాన్న జీవితం రాసిపెట్టాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమనిపించింది నాయనా. మన ఇంట్లో పెద్దవాళ్ల సంగతులు రాసే పని ఇన్నాళ్లూ నాదే కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను.

‘కష్టజీవి’, ‘మట్టిని నమ్ముకున్న మనిషి’ అని మొదలుపెట్టకు. ఆ మాటలు ఏ రైతుకైనా సరిపోతాయి, వాటిలో మా తమ్ముడు కనపడడు. కోతల కాలంలో ఒక్క రోజు తీసుకుని, వాడు లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేశాడో రాయి. పడుకునే ముందు బయటికొచ్చి ఆకాశం చూసేవాడు కదా, అదీ రాయి.

ముందు అమ్మ దగ్గర కూర్చో. కాగితాల పని తర్వాత చూసుకోవచ్చు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచు. ‘నాన్న ఎలాంటివాడు?’ అంటే ‘మంచివాడు’ అని ఊరుకుంటుంది. ‘నాకు జ్వరం వచ్చిన రాత్రి పొలానికి నీళ్లు పెట్టడానికి ఎవరు వెళ్లారు?’ అని అడుగు. మధ్యలో ఆగితే తొందరపడి ఇంకో ప్రశ్న వేయకు. అసలు సంగతి చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. ఏ సంవత్సరమో గుర్తులేకపోతే ‘వానలు పడని ఏడా? చెల్లి పుట్టకముందా?’ అని అడిగితే తేలుతుంది.

వాడి లెక్కల పుస్తకాలు జాగ్రత్త. వాటిలో ఒక పేజీ నేను చూశాను. విత్తనాలు, ఎరువు, కూలి అని వరసగా రాసుకుంటూ వచ్చి, ‘మోటారు రిపేరు’ అని రాసి కొట్టేశాడు. దాని కిందే ‘చిన్నదాని ఫీజు’ అని ఉంది. మోటారు ఖర్చు మళ్లీ కనిపించింది పంట అమ్మిన తర్వాతి పేజీలో. అన్నాళ్లూ నీళ్లకు ఎన్ని తిప్పలు పడ్డాడో మీ చెల్లికి తెలిసే అవకాశమే లేదు. మీతో ముద్దుగా మాట్లాడటం వాడికి చేతకాలేదు కానీ, ఆ కొట్టివేతలో ఉన్నదంతా మీ మీద ప్రేమే. అందుకే అప్పు కాగితాలు, పంట అమ్మిన రశీదులు తారీఖుల వరసన పెట్టి, ఆ ఏడు ఇంట్లో ఎవరి పెళ్లో, ఎవరి ఆపరేషనో పక్కనే రాసుకో. నాకైతే పుస్తకమంతా అదే అనిపిస్తుంది.

ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తోనే, గట్టిగా నొక్కకుండా రాయి. చిన్న ఫొటోలను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో స్కాన్ చేయించి, ఒక కాపీ వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఉంచు.

వాడి కోపం దాచకు. పంట పోయిన ఏడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, మీ అమ్మ ఎంతో ఓర్చుకుంది. అది తీసేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. పొలంలో వాడితో పనిచేసినవాళ్లనూ కలువు. పంట బాగా రాని ఏడు కూలి డబ్బులు ఎలా ఇచ్చాడో వాళ్లే చెప్పగలరు. ఇంట్లో మనకెవరికీ తెలియదు.

వాడి చిన్నతనం మాత్రం నన్ను అడగాలి. మొదటిసారి నాగలి పట్టింది నా కళ్ల ముందే. ఈ నెలలోనే ఒకసారి రా, రెండు రోజులు ఉండేలా చూసుకో.

మీ అత్తయ్య