పారిస్ నుంచి సైకిల్, టెంట్‌తో మోనే తోటకి వెళ్ళాలంటే

మీరు అడిగినవి రెండు. చిత్రకారుడు క్లోద్ మోనే ఇల్లూ తోటా ఉన్న జివెర్నీ ఊరి దాకా పారిస్ నుంచే సైకిల్ తొక్కాలా? రాత్రికి టెంట్ ఎక్కడ వేసుకోవాలి?

తొక్కక్కర్లేదు. పారిస్ శివార్లు దాటేసరికే సగం రోజు పోతుంది. పారిస్‌లోని సాన్ లజార్ స్టేషన్‌లో రువాన్ వైపు రైలు ఎక్కితే అటూ ఇటూగా గంటలో వెర్నాన్, జివెర్నీకి దగ్గరి స్టేషన్. కొన్ని బండ్లలో సైకిల్‌కి విడిగా రిజర్వేషన్ ఉండాలి, మీ టికెట్‌తో పాటే చూసుకోండి. ఎక్కే ముందే సైకిల్ సంచులు విప్పి చేత పట్టుకోండి, లేకపోతే తలుపు దగ్గర ఇరుక్కుంటారు.

ఎక్కువ మంది చేసే తప్పు, దిగీ దిగగానే సామానుతో సహా తోటకి పోవడం. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. టెంట్ కట్టిన సైకిల్ని బయట వదిలేసి లోపల నిశ్చింతగా తిరగలేరు. అందుకని మొదటి రోజు సేన్ వంతెన దాటి ఎడమకి తిరగండి. ప్రెసాన్యీ, పోర్ట్-మోర్ పల్లెల మీదుగా లెజాందలీ ఊరు సుమారు 25 కి.మీ., చాలా వరకు చదునే. ఇంగ్లండు రాజు రిచర్డ్ 1196-98లో కట్టించిన షాతో గయ్యార్ కోట కింద, నది పక్కనే క్యాంప్‌సైట్ ఉంది. రెండు రాత్రులూ అక్కడే. నది గట్టు బాగుంది కదా అని జివెర్నీలోనే టెంట్ వేద్దామనుకోకండి. చారిత్రక కట్టడాలకి 500 మీటర్ల లోపల, రక్షిత ప్రాంతాల్లో క్యాంపింగ్ నిషేధం. జివెర్నీకి ఈ రెండూ వర్తిస్తాయి.

రెండో రోజు ఖాళీ సైకిల్ మీద వచ్చిన దారినే వెనక్కి వెర్నాన్ దాకా, అక్కణ్ణుంచి తోటకి. వెర్నాన్ వంతెన దగ్గర్నుంచి జివెర్నీకి 5 కి.మీ. పాత రైలు కట్టే ఇప్పుడు సైకిల్ బాట, కాబట్టి ఎత్తుపల్లాలు ఉండవు. మోనే రోజుల్లో ఆ పట్టాలు ఇంటి తోటకీ చెరువుకీ మధ్యగా పోయేవి. 1893లో ఆయన పట్టాల అవతలి నేల కొని, ఎప్ట్ నది పాయ నీళ్ళు మళ్ళించి కలువల చెరువు తవ్వించాడు. ఇప్పుడు చెరువుకి రోడ్డు కింది సొరంగంలోంచి వెళ్తారు.

తోట ఏప్రిల్ 1 నుంచి నవంబరు 1 దాకా, 9:30 నుంచి 6 వరకు తెరిచి ఉంటుంది. ఆఖరి ప్రవేశం 5:30. పొద్దున టూరిస్టు బస్సులొచ్చాక చెరువు మీది జపాను వంతెన మీద నిలబడటానికి కూడా చోటుండదు. జూన్, జూలైల్లో అయితే సాయంత్రం 4కి వెళ్ళండి. పొద్దుగూకేది 10 గంటలకి, కాబట్టి 6కి బయల్దేరినా వెలుతురుండగానే టెంట్ చేరతారు. సెప్టెంబరు చివర్లో ఎనిమిది లోపే చీకటి, అప్పుడు మాత్రం 9:30కే గేటు దగ్గరుండాలి. వంతెన మీద విస్టీరియా (గుత్తులుగా పూసే తీగ) పూలు కావాలంటే మే నెల. కలువలకి (మనవాళ్ళు తామరలనేస్తారు, కావు) జూలై నుంచి సెప్టెంబరు.

ఇక ఇబ్బందుల సంగతి. దారి పక్క కొండలన్నీ సుద్దరాయి, అందులో చెకుముకి రాళ్ళు. వాన పడితే ఆ రాళ్ళ వాడి పెంకులు రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి. తడి రబ్బరుని అవి ఇంకా సులువుగా కోస్తాయి. రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్, టైరు తెగితే ఆ కోతకి లోపలి నుంచి అడ్డం పెట్టడానికి ఖాళీ టూత్‌పేస్ట్ ట్యూబు ముక్క ఒకటి ఉంచుకోండి. పంక్చరైతే ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో తడిమి పెంకు తీసేయండి, లేకపోతే కొత్తదీ పోతుంది.

వంట స్టవ్ గ్యాస్ డబ్బా విమానంలో తేనివ్వరు, అక్కడే కొనాలి. ఊళ్ళ సూపర్‌మార్కెట్లలో ఎక్కువగా దొరికేది క్యాంపింగాజ్ కంపెనీ క్లిక్ రకం, అంటే మర లేకుండా క్లిక్‌మని బిగిసేది. మర తిప్పే స్టవ్ దానికి పట్టదు. మర డబ్బా పారిస్‌లోనే డెకాత్లాన్‌లో కొనుక్కోండి, లేదా అడాప్టర్ తెచ్చుకోండి.

నది పక్కన తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద 'లిమిట్' అంకె (ఎలాగో తట్టుకోగల చలి) కాదు, 'కంఫర్ట్' అంకె (హాయిగా నిద్రపట్టే చలి) చూడండి. మే నెలకి 5 డిగ్రీలది కావాలి. టెంట్ గాలి కిటికీలు చలికి మూసేస్తే లోపలంతా చెమ్మే.

దారిలో నీళ్ళు అయిపోతే ఊరి శ్మశానంలో కుళాయి వెతకండి, చాలా చోట్ల ఉంటుంది. 'నాన్ పోతాబ్ల్' అని రాసి ఉంటే తాగకూడదు. పల్లెల్లో కొట్లు మధ్యాహ్నం మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత అసలు తెరవరు. శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చిపెట్టుకోండి.