ముందు ఆమె చూపు, తరువాతే ఆమె పాదం

చిరంజీవి అమ్మలుకు,

అత్త ఆశీస్సులు. నీ ఉత్తరం మొన్న చేరింది. కాలేజీ నాట్యబృందానికి ‘స్లీపింగ్ బ్యూటీ’ బ్యాలే చూపించాలనుకుంటున్నారనీ, నాలుగు రికార్డింగులు దొరికాయనీ, వాటిలో ఒకటి ఎంచే పని నీ మీద పెట్టారనీ రాశావు. “ఒక్క పేరు చెప్పు అత్తా, చాలు” అన్నావు. పేరు చెప్పడం నిమిషం పని. కానీ రేపు ఒక పిల్ల లేచి “ఇదే ఎందుకు?” అని అడిగితే నీ దగ్గర జవాబు ఉండదు. నా ఎంపిక ఈ ఉత్తరం చివర ఉంది. నాలుగూ చూసిన తరువాతే ఆ కాగితం తిప్పు.

మొదట ఒక మాట. నీ దగ్గరున్న నాలుగూ ఒకే బ్యాలే కాదు. 1890 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మారిన్‌స్కీ థియేటర్‌లో దీన్ని తొలిసారి ఆడారు. పెరో చెప్పిన పాత ఫ్రెంచి కథను ఎంచుకున్నది రాజ నాటకశాలల అధికారి వ్సెవొలోజ్‌స్కీ. నృత్యం కూర్చినది మారియస్ పెటిపా. ఏ ఘట్టానికి ఎన్ని ఆవర్తాల సంగీతం కావాలో పెటిపా ముందే రాసి ఇస్తే, ఆ కొలతల్లోనే చైకోవ్‌స్కీ ఇంత సంగీతం పలికించాడు. తరువాత ఆ నృత్యం రెండు పాయలైంది. నికొలాయ్ సెర్గేయెవ్ అనే ఆయన విప్లవం తరువాత రష్యా విడిచి వెళుతూ, అడుగులను గుర్తుల్లో రాసిన నృత్యలిపి పుస్తకాలను వెంట తీసుకుపోయాడు. లండన్ వాళ్ళు 1939లో వాటి ఆధారంగానే దీన్ని నిలబెట్టుకున్నారు. లెనిన్‌గ్రాడ్‌లో, అంటే అదే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, 1952లో కాన్‌స్టాంటిన్ సెర్గేయెవ్ దీన్ని తిరగరాశాడు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే గానీ బంధుత్వం లేదు, పొరబడకు. లండన్ పాయలో చేతులతో కథ చెప్పే మూకాభినయం నిలిచింది. లెనిన్‌గ్రాడ్ పాయలో దానిని చాలావరకు తీసేసి నృత్యంగా మార్చారు. కాబట్టి రష్యన్ రికార్డింగు చూస్తూ “ఈవిడ అభినయం ఎగ్గొట్టింది” అని రాయకు. ఆమెకు ఇచ్చిన పాఠంలోనే అది లేదు.

ఇక అసలు పరీక్ష దగ్గరికి వస్తాను. అందరూ ముందుగా వెతికేది మొదటి అంకంలోని రోజ్ అడాజియో. అడాజియో అంటే నెమ్మదిగా సాగే నృత్యం. కథానాయిక, రాకుమార్తె అరోరా పుట్టినరోజు. ఆమె చేయి కోరి నలుగురు రాకుమారులు వచ్చారు. ఆమె ఒంటికాలి వేళ్ళ కొన మీద నిలబడి, రెండో కాలిని వెనక మడిచి ఎత్తి ఉంచుతుంది. చివరి భాగంలో ఒక్కొక్కరూ ఆమె చేయి పట్టుకుని చుట్టూ నడుస్తూ ఆమెను నిండుగా ఒక చుట్టు తిప్పుతారు. చుట్టు ముగియగానే ఆమె ఆ చేయి వదిలి, చేతులు తలపైకి ఎత్తి, ఒక్క క్షణం ఏ ఆధారమూ లేకుండా నిలిచి, తరువాతి వాడి చేయి అందుకుంటుంది. చూసేవాళ్ళంతా ఆ క్షణాలను లెక్కపెడతారు. ఎవరు ఎక్కువసేపు నిలిస్తే వాళ్ళే గొప్ప అంటారు.

నువ్వు లెక్కపెట్టకు. ఆమె కళ్ళను చూడు. చేయి వదిలే ముందు ఆ రాకుమారుడి ముఖం వైపు చూసిందా? తరువాతి వాడికి చేయి ఇచ్చేటప్పుడు వాడిని గుర్తించిందా? కొందరు నర్తకులు ఎదురుగా ఎక్కడో ఒక చుక్క మీద చూపు బిగించి, మెట్ల పక్కన కమ్మీని తడుముకున్నట్టు చేతులు మార్చుకుంటారు. అప్పుడు అక్కడ ఉన్నవాళ్ళు నలుగురు రాకుమారులు కారు, నాలుగు స్తంభాలు. “యతో హస్తస్తతో దృష్టిః” అని మనం తొలిరోజే నేర్పుతాం కదా. ఆ సూత్రం మన నాట్యానికి చెప్పినదే అయినా, ఈ ఘట్టంలో అది నిజమవుతుంది. తరువాత రాకుమారుడి ముంజేతిని గమనించు. అది వణుకుతుంటే ఆమె బరువంతా దాని మీదే ఉంది. ఆమె వేళ్ళు అతని అరచేతిపై ఆకు వాలినట్టు వాలితే తన బరువు తానే మోస్తోంది. ఆ తరువాత పాదం చూడు. మడమ దగ్గర సన్నని అదురు కనిపిస్తే తప్పు పట్టకు. ప్రాణమున్న పాదం అదురుతుంది.

అయితే రోజ్ అడాజియో ఒక్కటే చూసి తీర్పు చెప్పే వాళ్ళను నేను నమ్మను. ఈ బ్యాలేలో అరోరాకు అడాజియోలు మూడు. మొదటిది పుట్టినరోజు నాటిది, లోకం ఇంకా తెలియని పిల్ల. రెండోది రెండో అంకంలో, మంచి దేవత లైలాక్ వేటకు వచ్చిన రాకుమారుడికి చూపించే ఛాయ. ఆమె అక్కడ లేదు, శాపం తగిలి నూరేళ్ళుగా కోటలో నిద్రలో ఉంది. మూడోది పెళ్ళినాటిది, రేపటి రాణి. నర్తకి ఒకరే, మనుషులు ముగ్గురు. ఛాయగా వచ్చినప్పుడు కూడా పుట్టినరోజు నాటి నవ్వే నవ్విందంటే ఆ నర్తకికి అడుగులు వచ్చుగానీ కథ తెలియదు. ఆ ఘట్టంలో రాకుమారుడు పట్టుకోబోతే ఆమె జారిపోవాలి, చేయి తగిలినా మనిషి అందకూడదు. పెళ్ళి ఘట్టంలో తొందర ఉండకూడదు. నేను ఏ రికార్డింగునైనా ఈ మూడింటితో తూస్తాను. మూడింటినీ వరసగా, మధ్యలోవి దాటేసి, ఒకే సాయంత్రం చూడు. అరోరా ఎదిగిందో లేదో గంటలోపే తెలిసిపోతుంది.

ఇప్పుడు కెమెరా సంగతి. రికార్డింగును తూచడం అంటే ఇద్దరిని తూచడం, నర్తకినీ, కెమెరా నడిపినవాడినీ. థియేటర్‌లో నా కన్ను ఎక్కడికి పోవాలో నేను నిర్ణయించుకుంటాను. రికార్డింగులో నా బదులు ఇంకొకడు నిర్ణయిస్తాడు. ఛాయాఘట్టంలో వనదేవతలు వరసలు కట్టి, విడిపోయి, మళ్ళీ కలుస్తూ రాకుమారుడి దారికి అడ్డుపడతారు. ఆ వరసలే పెటిపా ముగ్గు. అక్కడ కెమెరా అరోరా ముఖం మీదికి వెళ్ళిందంటే ముగ్గు మొత్తం చెరిగిపోయి ఒక అందమైన ముఖం మాత్రం మిగులుతుంది. ఆ ఘట్టంలో వేదిక మొత్తం కనిపించే దృశ్యం ఎంతసేపు నిలిచిందో గడియారం పెట్టుకుని చూడు. అంకెలు లెక్కపెట్టాలనుకుంటే అక్కడ లెక్కపెట్టు.

గెంతుల విషయంలో ఇంకో మోసం ఉంది. మూడో అంకంలో నీలిపిట్ట నర్తకుడు వేదికకు అడ్డంగా, రెండు పాదాలూ గాలిలో కొట్టుకుంటూ ఎగురుతూ వస్తాడు. కెమెరా అతనితోపాటే పైకి లేచి కిందికి దిగితే అతను ఎప్పుడూ తెర మధ్యలోనే ఉంటాడు, ఎగిరినట్టే అనిపించదు. కెమెరా కదలకుండా ఉండి అతను తెర అంచుదాకా లేస్తేనే ఎత్తు తెలుస్తుంది. కెమెరాను నేలకు దగ్గరగా పెడితే మామూలు గెంతు కూడా గొప్పగా కనిపిస్తుంది. పై బాల్కనీ నుంచి తీస్తే గొప్ప గెంతు కూడా చదునైపోతుంది, గుంపుల ఆకారాలు మాత్రం బాగా తెలుస్తాయి. గెంతు మధ్యలో దృశ్యం మార్చి నడుము పైభాగం మాత్రమే చూపించే వాళ్ళున్నారు. దాన్ని నేను క్షమించను. అన్నట్టు 1890లో ఆ నీలిపిట్టగా ఎగిరిన ఎన్రికో చెకెట్టీయే అదే రాత్రి దుష్ట దేవత కారబోస్‌గానూ నటించాడు. నీ పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పు.

కారబోస్‌ను తక్కువగా చూడకు. నామకరణానికి పిలవలేదని కోపంతో వచ్చి, ఈ పిల్ల పెరిగి అందగత్తె అవుతుంది, వేలికి కదురు గుచ్చుకుని చచ్చిపోతుంది అని శపిస్తుంది. లండన్ పాయలో ఈ మాటలన్నీ చేతులతోనే. లైలాక్ దేవత ముందుకు వచ్చి, చావు కాదు నిద్ర, ఒక రాకుమారుడి ముద్దుతో మేలుకుంటుంది అని చేతులతోనే జవాబిస్తుంది. ఇక్కడ నీకు మిగతా సమీక్షకుల కన్నా పైచేయి ఉంది, ఎందుకంటే చేతితో వాక్యం చెప్పడమంటే ఏమిటో నీకు తెలుసు. ప్రతి సంజ్ఞా పూర్తయిందా, ఒకదాని తోక మీద ఇంకొకటి ఎక్కిందా, సంగీతంలో ఆ మాటకు కేటాయించిన చోటే ఆ చేయి పడిందా అని చూడు. కథ తెలియని పిల్లను పక్కన కూర్చోబెట్టి ఆ ఐదు నిమిషాలు చూపించి, ఏమర్థమైందో అడుగు. అంతకు మించిన పరీక్ష లేదు.

మన కన్ను మనకు మేలు చేసినట్టే కీడు కూడా చేస్తుంది. మనకు పాదం నేలను పలికించాలి, గజ్జె మోగాలి. వాళ్ళకు పాదం చప్పుడు దాగాలి. తొలి రోజుల్లో నేను రికార్డింగులో చెక్కమీద షూ టకటక వినిపిస్తే లయ గట్టిగా ఉందని సంతోషపడేదాన్ని. చాలాకాలానికి అది వాళ్ళ దృష్టిలో లోపమని తెలిసింది. ఇంకొంత కాలానికి అందులో సగం తప్పు మైకుదని తెలిసింది. మైకు వేదిక అంచున పెడితే దూదిలా దిగినవాళ్ళు కూడా బరువుగా వినిపిస్తారు. కాబట్టి చప్పుడును బట్టి నర్తకికి మార్కులు తగ్గించే ముందు, గుంపు దిగినప్పుడూ అదే చప్పుడు ఉందేమో విను.

కాలు ఎంత ఎత్తు లేచింది అన్నది కూడా అలాంటి ఉచ్చే. ఇవాళ కాలు చెవిదాకా లేస్తుంది. 1955లో అమెరికా టీవీ కోసం ఇంగ్లీషు నర్తకి మార్గో ఫాంటేన్ చేసిన నలుపు తెలుపు రికార్డింగులో కాళ్ళు అంత ఎత్తు లేవవు. బొమ్మ మసక, బ్యాలేను కూడా బాగా కుదించారు. మొదటిసారి చూసి పది నిమిషాల్లో ఆపేశాను. అందుకు ఇప్పటికీ బాధపడతాను. పదేళ్ళ తరువాత మళ్ళీ చూస్తే, మెట్ల మీదినుంచి ఆమె పరుగున వచ్చిన తీరులోనే పుట్టినరోజంతా ఉంది. ఈ శతాబ్దంలో నృత్యాలు కూర్చే అలెక్సీ రట్‌మాన్‌స్కీ పాత నృత్యలిపి చదివి దీన్ని మళ్ళీ కూర్చినప్పుడు కాళ్ళు తక్కువ ఎత్తులోనే ఉంచాడు. ఎత్తు కాలాన్ని బట్టి మారే అలవాటు, గొప్పతనానికి కొలత కాదు.

సాంకేతికమైనవి రెండే చెబుతాను. పాత రికార్డింగులు చదరానికి దగ్గరగా ఉండే తెర కోసం తీసినవి. మీ కాలేజీ టీవీ వాటిని పక్కలకు సాగదీస్తే నర్తకులంతా లావుగా, పొట్టిగా కనిపిస్తారు. ముందు ఆ అమరిక సరిచెయ్యి. రెండోది, సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను 25 ఫ్రేముల టీవీ పద్ధతికి మారిస్తే అది నూటికి నాలుగు వంతులు వేగంగా నడుస్తుంది, శ్రుతి కూడా కొంచెం పెరుగుతుంది. వాద్యబృందం పరుగెడుతోందని దాన్ని నడిపేవాడిని తిట్టే ముందు ఇది గుర్తుంచుకో. ఏం కత్తిరించారో కూడా రాసుకో. రెండో అంకంలో ఒంటరి వయొలిన్ వాయించే మధ్యసంగీతాన్ని చైకోవ్‌స్కీ వయొలిన్ విద్వాంసుడు లియోపోల్డ్ ఆవర్ కోసం రాశాడు. చాలామంది దాన్ని వదిలేస్తారు. నాకు అది లేని రికార్డింగు దీపం వెలిగించని గదిలా ఉంటుంది.

నీ నాలుగింటి గురించి, తీర్పు కాకుండా ఒక్కో మాట. 1964 నాటిది వేదిక మీద కాక సినిమాగా తీసినది. గంటన్నరకు కుదించారు. అల్లా సిజోవా, యూరీ సోలొవ్యోవ్ ఉన్నారు. తప్పు చేస్తే మళ్ళీ తీయవచ్చు కాబట్టి అక్కడి నిలకడను వేదిక మీది నిలకడతో పోల్చకు. కారబోస్‌గా ఉన్న నతాలియా దుదిన్‌స్కాయా ఒకప్పటి గొప్ప అరోరా, ఆమె కోసమైనా చూడు. 1980ల మొదట్లోది ఇరీనా కొల్పకోవాది. అప్పటికి ఆమెకు యాభై దగ్గర పడింది. పేరుమోసిన రష్యన్ గురువు వగానొవా చివరి తరగతిలో చదువుకున్న మనిషి. 2006 లండన్‌ది అలీనా కొజొకారు, ఫెదెరికో బొనెల్లీలది. 1946లో అక్కడి కొవెంట్ గార్డెన్ థియేటర్‌ను తిరిగి తెరిచినప్పటి ఆలివర్ మెస్సెల్ రంగాలంకరణనే మళ్ళీ తెచ్చారు. 2011 మాస్కోది బొల్షోయ్ థియేటర్ పాత వేదిక మరమ్మతుల తరువాత తెరిచినప్పటిది. స్వెత్‌లానా జఖారోవా, అమెరికన్ డేవిడ్ హాల్‌బెర్గ్. కాలి ఎత్తు గురించి నేను చెప్పినది దాన్ని చూసేటప్పుడు గుర్తు చేసుకో.

ఇక్కడితో ఆపి, చూసి, నీ మాట రాసుకో. అప్పుడు తిప్పు.

నా ఎంపిక: పూర్తిగా చూపించడానికి 2006 లండన్‌ది. కొజొకారు ముగ్గురు మనుషులూ అవుతుంది, చేతులతో చెప్పే కథ పిల్లలకు అర్థమవుతుంది. కానీ మరునాడు వాళ్ళకు కొల్పకోవా పెళ్ళి అడాజియో ఒక్కటి చూపించు. మెడ, భుజం, చేయి ఒకే గీతగా కదలడం చూస్తారు. వయసు ఎంతో ముందు చెప్పకు, చూశాక చెప్పు.

ఒకటి మరిచాను. గొప్ప రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా ఎనిమిదేళ్ళ పిల్లగా మారిన్‌స్కీలో ఈ బ్యాలేనే చూసి నర్తకి కావాలనుకుంది. ఆ పావ్లోవా ప్రోత్సాహంతోనే రుక్మిణీదేవి అరండేల్ నాట్యం వైపు తిరిగింది. పిల్లలకు బొమ్మ వేసే ముందు ఈ రెండు వాక్యాలు చెప్పు, గదిలో దీపాలు ఆర్పే ముందే.

నీ తీర్పు నాతో కలవకపోతే ఎందుకు కలవలేదో వివరంగా రాయి. సంక్రాంతికి వస్తావు కదా, ఆ ఛాయాఘట్టం నాలుగింటిలోనూ పక్కపక్కనే పెట్టుకుని చూద్దాం.

ప్రేమతో,
అత్త