ఉద్యోగం పోయిన ఇంట్లో స్కూల్ లంచ్ ఫారం

టెక్సస్‌లోని డాలస్ దగ్గర ఉంటున్న ఒక తల్లి రాసిన ప్రశ్న ఇది. సెప్టెంబరు ఆఖరున భర్త ఐటీ ఉద్యోగం పోయింది. ఆయనకు వారానికి 591 డాలర్ల అన్‌ఎంప్లాయ్‌మెంట్ (నిరుద్యోగ భృతి) వస్తోంది. ఆవిడ ఒక మాంటిసోరిలో అసిస్టెంట్ టీచరు, రెండు వారాలకోసారి 1,150 డాలర్లు, పన్నులు కోయకముందు. పెద్దవాడు పదో తరగతి, చిన్నది నాలుగు. ఇద్దరూ పబ్లిక్ స్కూలే. అత్తగారు గ్రీన్ కార్డు మీద వచ్చి వీళ్ళతోనే ఉంటున్నారు. భార్యాభర్తల ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉంది, ఇద్దరికీ ఈఏడీలు (పని చేసుకునే అనుమతి కార్డులు) ఉన్నాయి. మొన్న స్కూలు నుంచి, పెద్దవాడి లంచ్ అకౌంటు మైనస్ 14 డాలర్లలో ఉందని మెయిలొచ్చింది. దాని కిందే ఉచిత, తగ్గింపు ధర భోజనాలకు దరఖాస్తు లింకు ఉందట. 'బ్యాంకులో ఇంకా ఎమర్జెన్సీ ఫండ్ ఉంది, పోయినేడాది టాక్స్ రిటర్న్‌లో లక్షా నలభై వేల డాలర్లు కనిపిస్తుంది, మేం దీనికి అర్హులమేనా? గ్రీన్ కార్డుకు ఇబ్బంది అవుతుందా? మా అత్తయ్యగారు అయితే ప్రభుత్వం పెట్టే తిండి మన పిల్లలకెందుకు అంటున్నారు' అని అడిగారు.

అమ్మా, ముందు మీ రెండు అనుమానాలు తీరుస్తాను. ఆ ఫారంలో పోయినేడాది జీతం అడగరు, బ్యాంకులో ఎంత ఉందో కూడా అడగరు. ఇప్పుడు ఇంట్లోకి ఎంత వస్తోంది, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఈ రెండే. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది టాక్స్ రిటర్న్ ముందు పెట్టుకుని 'మనకెక్కడ వస్తుందిలే' అని ఫారం తెరవకుండానే వదిలేస్తారు. ఉద్యోగం పోయిన నెలలోనే వేసుకోవాల్సిన దరఖాస్తు ఇది. ఆగస్టులో బడి తెరిచినప్పుడే వేయాలన్న నియమం లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు.

ఇక మీ లెక్క. మీ ఇంటి విషయంలో ఇది కాస్త తమాషాగా ఉంది, అందుకే విడమరిచి రాస్తున్నాను.

మీ జీతం రెండు వారాలకోసారి వస్తుంది కాబట్టి 26తో గుణించాలి. నెలకు 2,300 అని రాసేస్తారు చాలామంది, అది తప్పు. 1,150 ఇరవయ్యారు సార్లు అంటే 29,900. మీ వారికి వారం వారం వచ్చేదాన్ని 52తో గుణిస్తే 30,732. మొత్తం 60,632. ఆ గుణకారాలు స్కూలువాళ్ళే చేసుకుంటారు. మీరు చేయాల్సిందల్లా అంకె పక్కన 'వారానికి', 'రెండు వారాలకు' అన్న గడి సరిగ్గా టిక్ పెట్టడం. రాయాల్సింది గ్రాస్, అంటే పన్నులు కోయకముందు మొత్తం, చేతికొచ్చేది కాదు.

2025-26 విద్యా సంవత్సరానికి, అంటే 2026 జూన్ 30 దాకా, నలుగురున్న ఇంటికి ఉచిత భోజనం గీత (ఏడాది ఆదాయ పరిమితి) 41,795 డాలర్లు, తగ్గింపు ధర గీత 59,478. ఫెడరల్ పేదరిక రేఖకు 130 శాతం మొదటిది, 185 శాతం రెండోది. అలాస్కా, హవాయి తప్ప దేశమంతా ఇవే అంకెలు. డాలస్‌లో అద్దెలు ఎంతున్నా దీనికి పట్టదు. మీరు నలుగురే అని రాస్తే 1,154 డాలర్ల తేడాతో మీ దరఖాస్తు తిరిగొస్తుంది.

కానీ మీరు నలుగురు కాదు కదా! అత్తయ్యగారు మీతోనే ఉంటున్నారు, ఒకే వంట, ఒకే ఖర్చు. ఫారం ప్రకారం ఇంటి మనిషంటే అదే. చుట్టరికం, వయసు, వీసా ఏవీ లెక్కలోకి రావు. ఐదుగురికి గీతలు 48,945, 69,653. అక్కడికి వచ్చేసరికి మీరు తగ్గింపు ధరకు అర్హులు. ప్రభుత్వ తిండి వద్దంటున్న పెద్దావిడ వల్లే పిల్లలకు అది దక్కుతోందని ఆవిడకు చెప్పాలో వద్దో మీ ఇష్టం. (విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండి వెళ్ళిపోయే తల్లిదండ్రుల సంగతి వేరు. అలాంటివాళ్ళను లెక్కలో వేసే ముందు స్కూల్ న్యూట్రిషన్ ఆఫీసును అడగండి.)

అత్తయ్యగారిని లెక్కలో వేస్తే ఆవిడ ఆదాయాన్నీ వేయాలి. మియాపూర్‌లో ఆవిడ పేరున ఫ్లాటు ఉందనీ, 22,000 రూపాయల అద్దె ఆవిడ హైదరాబాద్ అకౌంటులో పడుతుందనీ ఉత్తరం చివర్లో రాశారు. 'అది ఇండియాలోనే ఉంటుంది, మేం తెప్పించుకోం' అన్నారు. తెప్పించుకున్నా, అక్కడే ఉంచినా ఆదాయం ఆదాయమే. అద్దె విషయంలో ఖర్చులు పోను మిగిలేది చూపిస్తే సరిపోతుంది. మెయింటెనెన్సు మూడు వేలు తీసేస్తే 19,000. ఇప్పటి రేటుకు నెలకు 215 డాలర్ల లోపే. అది కలిపినా మీ మొత్తం 63,000 దాటి కొంచెం, గీతకు ఆరు వేలు కిందే. కాబట్టి దాచాల్సిన అవసరమూ లేదు. ఫారం కింద సంతకం పెట్టేది నిజమేనని ఒప్పుకుంటూ పెట్టే సంతకం. ఎవరిదైనా ఆదాయం గడి ఖాళీగా వదిలేస్తే ఆదాయం లేదని చెప్పినట్టే లెక్క, అది గుర్తుంచుకోండి.

ఎమర్జెన్సీ ఫండ్ అడ్డు కాదు. దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయం కిందికి వస్తుంది, నెలకు పది ఇరవై డాలర్లయినా రాయండి.

ఎంత మిగులుతుంది? హైస్కూల్లో లంచ్ 3 డాలర్ల 60 సెంట్లు, ఎలిమెంటరీలో 3 డాలర్ల 35 అని మీరే రాశారు. తగ్గింపు ధరలో లంచ్‌కు 40 సెంట్లకు మించి, బ్రేక్‌ఫాస్ట్‌కు 30 సెంట్లకు మించి తీసుకోకూడదు. ఇద్దరికీ కలిపి రోజుకు 6 డాలర్ల 15 సెంట్లు మిగులు. జనవరి నుంచి మే చివరిదాకా ఒక 95 బడి రోజులు వేసుకుంటే దాదాపు 580 డాలర్లు. మార్టగేజి కట్టే ఇంట్లో ఇది పెద్ద మొత్తం కాదు, ఒప్పుకుంటాను. అయినా మీ పెద్దవాడు డబ్బా తీసుకెళ్ళనంటున్నాడు, మీరు ఉదయం ఏడింటికే ఇల్లు వదులుతున్నారు. పొద్దున బడిలోనే బ్రేక్‌ఫాస్ట్ తిన్నా మీకు ఒక పని తగ్గుతుంది.

నా దృష్టిలో అసలు లాభం వేరే ఉంది. ఈ ఆమోదం వచ్చిన పిల్లలకు కాలేజీ బోర్డు అనే పరీక్షల సంస్థ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షల ఫీజులో తగ్గింపు ఇస్తుంది. పదకొండు, పన్నెండు తరగతుల్లో కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షకు ఫీజు మాఫీ ఉంటుంది, ఆ మాఫీ దొరికిన పిల్లలకు చాలా కాలేజీల దరఖాస్తు రుసుమూ పోతుంది. పదో తరగతి పిల్లవాడున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. స్కూల్ కౌన్సెలర్‌కు మీరే చెప్పాలి, వాళ్ళంతట వాళ్ళు వచ్చి అడగరు.

గ్రీన్ కార్డు భయం గురించి. పబ్లిక్ చార్జ్ అంటే బతకడానికి ప్రధానంగా ప్రభుత్వం మీదే ఆధారపడేవారన్న ముద్ర. 2022 నిబంధన ప్రకారం చూసేది నెలనెలా ఇచ్చే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో సంరక్షణ. స్కూల్ భోజనం అందులో లేదు. అంతకుముందు 2019లో తెచ్చిన కఠినమైన నిబంధనలో కూడా దీన్ని చేర్చలేదు. అయితే 2022 నిబంధనను రద్దు చేస్తామని 2025 నవంబరులో హోంలాండ్ సెక్యూరిటీ ప్రతిపాదించింది. మీ ఐ-485 పెండింగ్‌లో ఉంది కాబట్టి దరఖాస్తుకు ముందు మీ ఇమిగ్రేషన్ లాయరుకు ఒక మెయిల్ పెట్టండి. వాట్సాప్ గ్రూపులో అడగకండి. అక్కడ ఈ ప్రశ్నకు స్నాప్ (సరుకుల సాయం), మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య బీమా), లంచ్ అన్నీ ఒకే గంపలో వేసి జవాబులు చెబుతారు. అన్‌ఎంప్లాయ్‌మెంట్ కూడా పని చేసినందుకు వచ్చే హక్కే, దానికి భయపడనక్కర్లేదు.

లంచ్ ఫారంలో పౌరసత్వం, వీసా ప్రశ్నలు ఉండవు. సంతకం పెట్టే పెద్దవారి సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు అడుగుతారు, నంబరు లేనివారికి లేదని టిక్ పెట్టే గడి ఉంటుంది. జాతి వివరాల గడి నింపడం మీ ఇష్టం.

ఇద్దరు పిల్లలకు రెండు ఫారాలు వేయొద్దు. ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్నంతవరకు ఇంటికి ఒకటే. డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో న్యూట్రిషన్ పేజీలో ఉంటుంది, దానికి రుసుము లేదు. పే స్టబ్‌లు (జీతం చీటీలు) జత చేయమనరు. కానీ దరఖాస్తు వేసిన నెల పే స్టబ్, అన్‌ఎంప్లాయ్‌మెంట్ స్టేట్‌మెంటు ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ఏటా కొన్ని దరఖాస్తులను ఎంచుకుని రుజువులు చూపమని ఉత్తరం పంపుతారు. ఆ ఉత్తరాన్ని జంక్ మెయిల్ అనుకుని పారేస్తే ఆదాయం సరిగ్గా ఉన్నా భోజనం ఆగిపోతుంది. దరఖాస్తు ఇచ్చాక బడి నడిచే రోజులు పది లోపు జవాబు రావాలి. అంతదాకా పిల్లలు తిన్నదానికి డబ్బు కట్టాల్సి రావచ్చు. ఆ మైనస్ 14 డాలర్లు మాత్రం ఎలాగూ మాఫీ కావు, కట్టేయండి.

ఇంకో సంగతి, ఇది తెలియక చాలామంది కంగారుపడతారు. ఒకసారి ఆమోదం వస్తే ఆ విద్యా సంవత్సరమంతా చెల్లుతుంది, వచ్చే ఏడాది బడి తెరిచాక మొదటి 30 బడి రోజులు కూడా. మీ వారికి ఫిబ్రవరిలో మళ్ళీ మంచి ఉద్యోగం వచ్చినా ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, తిరిగి కట్టాల్సిన పని అసలే లేదు. మనసొప్పకపోతే ఆపమని మీరే రాయొచ్చు. నన్నడిగితే ఆపొద్దంటాను. కొత్త ఉద్యోగంలో మొదటి మూడు నెలలు ఎమర్జెన్సీ ఫండ్ నింపుకోవడానికి వాడుకోండి.

అత్తయ్యగారి మాటకు వస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ప్రభుత్వ బళ్ళలో మధ్యాహ్న భోజనం డొక్కా సీతమ్మ గారి పేరు మీదే నడుస్తోంది. ఆవిడ అన్నం పెడితే తిన్నవాళ్ళను ఎవరైనా చిన్నచూపు చూశారా అని అడగండి. అక్కడ బడికి వచ్చిన పిల్లలందరికీ పెడతారు, దరఖాస్తు లేదు. ఇక్కడ ఆదాయం చూసి పెడతారు, అంతే తేడా. ఇక ఇక్కడి లెక్క: 1946 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమంలో పూర్తి ధర కట్టే పిల్లల లంచ్‌కు కూడా ఫెడరల్ ప్రభుత్వం బడికి కొంత ఇస్తుంది. అంటే మీరు లక్షా నలభై వేలు సంపాదిస్తూ 3 డాలర్ల 60 కట్టిన రోజుల్లోనూ మీ వాడు తిన్నది ప్రభుత్వం చేయి వేసిన భోజనమే. కొత్తగా మొదలైందేమీ లేదు. పక్క పిల్లలకు తెలుస్తుందన్న దిగులూ వద్దు. అందరూ ఒకే లైనులో నిలబడి ఒకే రకంగా నంబరు కొడతారు లేదా కార్డు చూపిస్తారు, ఎవరిది ఏ రేటో బయటపెట్టకూడదన్నది నిబంధన.

తిండి దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. మీది శాకాహారం అన్నారు. బడి శాకాహారం పెట్టి తీరాలన్న నియమం లేదు. చీజ్ పిజ్జా, బీన్స్, పెరుగు, పీనట్ బటర్ శాండ్‌విచ్ లాంటివి చాలాచోట్ల ఉంటాయి, నెల మెనూ ముందే వెబ్‌సైటులో పెడతారు. చిన్నదానితో కూర్చుని ఏ రోజు ఏది తీసుకోవాలో గీతలు పెట్టుకోండి, బీఫ్ టాకో రోజున ఇంటి డబ్బా పంపండి. ఇంకోటి, 40 సెంట్ల రేటు పూర్తి భోజనానికే. ట్రేలో పండో కూరో లేకుండా ఒక్క పాలడబ్బా తీసుకుంటే దాన్ని విడిగా అమ్మినట్టు లెక్క వేస్తారు. చిప్స్, కుకీ, రెండో పిజ్జా ముక్క కూడా అంతే. మీ పెద్దవాడి మైనస్ 14 అలా వచ్చిందేమో అకౌంటు తెరిచి చూడండి. విడి కొనుగోళ్ళను ఆపేయమని కెఫెటేరియాకు చెప్పే వీలు చాలా డిస్ట్రిక్ట్‌లలో ఉంది.

వేరే రాష్ట్రాల్లో ఉన్న పాఠకులు ఈ ఫారం కోసం వెతికే ముందు ఒకసారి ఆగండి. కాలిఫోర్నియా, మిన్నెసోటా, మిషిగన్, మసాచుసెట్స్, కొలరాడో, 2025-26 నుంచి న్యూయార్క్ లాంటి చోట్ల ఆదాయంతో పని లేకుండా పబ్లిక్ స్కూల్ పిల్లలకు భోజనం ఉచితం. టెక్సస్‌లోనూ కొన్ని బళ్ళలో పిల్లలందరికీ ఉచితంగా పెట్టే ఏర్పాటు ఉంది.

ఇక మీ క్యాలెండరులో ఒక తేదీ వేసుకోండి. టెక్సస్‌లో అన్‌ఎంప్లాయ్‌మెంట్ గరిష్ఠంగా 26 వారాలు. మీ వారికి అప్పటికీ ఉద్యోగం రాకపోతే మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదట్లోనో అది ఆగిపోతుంది. అప్పుడు మీ ఇంటి ఆదాయం మీ 29,900, మియాపూర్ అద్దె, ఆ కాస్త వడ్డీ కలిపి 33,000 లోపే. ఐదుగురికి ఉచిత భోజనం గీత 48,945. ఆ వారమే మళ్ళీ దరఖాస్తు వేయండి, తగ్గింపు ధర కాస్తా పూర్తి ఉచితం అవుతుంది.